మా అన్న సంతకం పెట్టిన విమానం

మొన్న ఒకరోజు ఉదయం చక్కెర పరీక్ష చేయించుకుందామని పరగడుపున హనుమకొండ వెళ్లి, చేతిలో నంబరు చీటీ పట్టుకుని నా వంతు కోసం కూర్చున్నాను. గోడకున్న టీవీలో వార్తలు వస్తున్నాయి. హైదరాబాదు నుంచి బయలుదేరిన ఒక విమానం ఇరవై నిమిషాలు తిరక్కుండానే సాంకేతిక లోపం వల్ల వెనక్కి వచ్చి దిగిందనీ, ప్రయాణికులంతా క్షేమమనీ చెబుతూ, కౌంటరు దగ్గర ఒక యూనిఫాం అమ్మాయి మీద పదిమంది కేకలు వేస్తుండడం చూపించారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తల అడ్డంగా ఊపి, ఎగిరే ముందల చూసుకోవద్దా, జీతాలు తీసుకొని ఏం చేస్తాండ్రు వీళ్లు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నట్టు తలలు ఊపారు. నేను ఏదో అనబోయాను గానీ అంతలో నా నంబరు పిలిచారు. ముప్పై ఏళ్లకు పైగా ఎందరికో సూదులు గుచ్చినదాన్ని, ఆ పూట నా చేతికి సూది గుచ్చిన చిన్నపిల్ల, అమ్మా, టీవీలో ఏం జరిగిందట అని అడిగితే విమానం దిగిందట అని మాత్రం చెప్పాను. ఆమెకు చెప్పనిది మీకు చెబుతాను. నా వయసువాళ్లయితే ఆ రోజులు ఎలా ఉండేవో మీకు వేరే వివరించక్కర్లేదు.

మాది కాజీపేట రైల్వే క్వార్టర్స్. మా నాయన బొగ్గు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. అమ్మ నా ఏడో ఏట పోయింది. ఆ తరువాత నన్ను నాయనా, నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్నా పెంచారు. జడ వేయడం కూడా అన్నే నేర్చుకుని వేసేవాడు. మూడు పాయలు గట్టిగా, సమానంగా, ఇంజను భాగాన్ని బిగించినంత శ్రద్ధగా. ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు పాస్టరుగారి భార్య నా జడ చూసి ఎవరేశారని అడిగితే అన్న సిగ్గుపడి నాయన వెనక్కి వెళ్లేవాడు. అలాంటి నెమ్మదస్తుడు ఐటీఐ చదివి, షెడ్డులో చేరతాడనుకుంటే హైదరాబాదు వెళ్లి ఒక విమానాల కంపెనీలో మెకానిక్కుగా చేరాడు. పగలు పనిచేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూ, మూడుసార్లు తప్పి నాలుగోసారి పరీక్ష నెగ్గి లైసెన్సు సంపాదించాడు. ఆ లైసెన్సు ఉన్నవాళ్లు విమానాన్ని పరీక్షించి ఇది ఎగరవచ్చునని కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఎంత పెద్ద పైలటైనా విమానాన్ని కదిలించకూడదు. నాయన ఈ సంగతి గుడిలోనూ, షెడ్డులోనూ, కూరగాయల మార్కెట్లోనూ ఎందరికి చెప్పాడో లెక్కలేదు.

అన్న సెలవు మీద వచ్చినప్పుడు, అన్నాలయ్యాక చాప మీద కూర్చుని నాయనకు విమానాల సంగతులు చెప్పేవాడు. నాయనకు ఒకటే సందేహం. నెక్కొండ దగ్గర ఒకసారి గూడ్సు ఇంజను ఆగిపోతే తనను ట్రాలీ మీద పంపారట, వెళ్లి గంటలో బాగుచేసి వచ్చాడట. మరి విమానానికి మధ్యలో ఏమైనా అయితే ఎవరు వెళ్లాలి అనేవాడు. ఎవరూ వెళ్లలేరు గనకే అదే మన దగ్గరికి వస్తుందని అన్న చెప్పేవాడు. చక్రం లోపలికి ముడుచుకోకపోవచ్చు, ఇంజనులో నూనె ఒత్తిడి చూపే ముల్లు పడిపోవచ్చు, గద్ద వచ్చి తగలవచ్చు, ఒక్కోసారి ఏమీ కాకపోయినా ఏదో అయిందని చెప్పే ఎర్రదీపమే పాడై ఊరికే వెలగవచ్చు. పైలటుకు పైన కూర్చుని చక్రం అబద్ధమాడుతోందో దీపం అబద్ధమాడుతోందో తెలిసే దారిలేదు, దిగి చూడడానికి రోడ్డు పక్కన ఆపే వీలూ లేదు. అందుకని ముందు వెనక్కి వచ్చేస్తాడు, ఏమిటన్నది నేల మీద ఉన్నవాళ్లం చూస్తాం. తిరిగొచ్చిన విమానాన్ని చూసి జనం భయపడతారు గానీ, మాకు మాత్రం అది దిగిందంటే పాణం కుదుటపడుతుందని అనేవాడు. పైన గాలి పలచబడి ఊపిరి అందదు కాబట్టి ఇంజన్ల నుంచి గాలిని లోపలికి ఎక్కించి నిలుపుతారనీ, ఆ గాలి బయటికి పోకుండా తలుపుల చుట్టూ రబ్బరు ఉంటుందనీ కూడా ఆ చాప మీదే విన్నాను. విన్న సంగతి నన్ను ఎంతకాలం వెంటాడుతుందో అప్పుడు తెలియదు.

నేను నర్సు చదువు చదివి వరంగల్లులో ఒక మిషన్ దవాఖానలో చేరాను. డెబ్బయ్యో దశకం చివరి సంగతి ఇది. నాకు ఇరవై ఏడేళ్లు. ఆ రోజుల్లో గుండె ఆపరేషన్లంటే మనవాళ్లు మద్రాసు వైపు వెళ్లాల్సిందే. అక్కడి ఒక పెద్ద ఆసుపత్రిలో గుండె వార్డు నర్సులకు ఏడాది శిక్షణ ఇస్తున్నారని తెలిసి నేను రహస్యంగా దరఖాస్తు పెట్టుకున్నాను. ఇంటర్వ్యూకు రమ్మని కాగితం వచ్చింది, తారీఖు వేసి, సాయంత్రం నాలుగు గంటలకు అని. మా పెద్ద సిస్టరమ్మ సెలవివ్వదు, అడిగితే ఉన్న ఉద్యోగం మీదకే వస్తుంది. ఏం చేయాలా అని కొట్టుమిట్టాడుతుండగా నాకు దారి కనిపించింది. దాన్ని దారి అనడానికి ఇప్పుడు నోరు రాదు.

మా వార్డులో వరంగల్ బజారులో బట్టల దుకాణం నడిపే ఒక సావుకారు గారి భార్య ఉండేది. ముప్పై దాటని మనిషి. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండె కవాటాన్ని కుంచింపజేసింది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, నాలుగు దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. చేతులు పైకెత్తితే ఆయాసం వస్తుందని జడ నాతోనే వేయించుకునేది, అత్తగారు వేస్తానన్నా ఒప్పుకునేది కాదు. ఏడేళ్ల కూతురు ఆదివారాలు వచ్చి మంచం చివర కూర్చుని తల్లి కాళ్ల మీద చెయ్యి వేసి ఉండేది. ఆమెను ఆపరేషనుకు మద్రాసు పంపాలనీ, రైల్లో అంతసేపు తట్టుకోలేదు కాబట్టి కారులో హైదరాబాదు తీసుకెళ్లి అక్కడినుంచి విమానంలో పంపాలనీ డాక్టరుగారు తేల్చారు. వెంట ఒక నర్సు వెళ్లాలి. నేను వెళతానన్నాను. ఏ రోజు వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు, మా అన్న అక్కడే పనిచేస్తాడు, ఆ రోజైతే డ్యూటీలో ఉంటాడని చెప్పి, ఇంటర్వ్యూ రోజునే ఖాయం చేయించాను. అన్న ఉంటాడన్నది అబద్ధం కాదు. అయినా నేను చెప్పింది అందుకు కాదు.

డాక్టరుగారు మద్రాసు డాక్టరుకు రాసిన ఉత్తరం నా సంచిలో ఉంది. అందులో, కారు ప్రయాణంతో ఆమె అలసిపోతే ఒకటి రెండు రోజులు హైదరాబాదులో ఆగి రావచ్చుననీ, ఆ వారంలో ఎప్పుడు వచ్చినా చేర్చుకుంటామని మీరు చెప్పినందుకు కృతజ్ఞుడననీ ఉంది. అది నాకు చదివి వినిపించి మరీ కవరు అంటించారు.

విమానంలో రెండే సీట్లు దొరికాయి. సావుకారుగారు మమ్మల్ని ముందురోజు కారెక్కించి, మర్నాడు పొద్దున వరంగల్లులోనే మద్రాసు బండి ఎక్కి వస్తానన్నాడు. ఆయన మాటకారి కాదు. కారు కిటికీలో నుంచి లోపలికి వంగి, భార్య భుజం మీద కొంగు సర్ది, నావైపు తిరిగి, జర కనిపెట్టుకొని ఉండు సిస్టరమ్మా అన్నాడు, అంతే. జనగామ దాటేసరికే అక్కకు ఆయాసం ఎక్కువైంది. హైదరాబాదులో వాళ్ల బంధువుల ఇంట్లో దిగేసరికి పెదవులు నల్లబడ్డాయి. ఉత్తరంలో రాసిన అలసట అంటే అదే. నర్సుగా అది నాకు తెలుసు. అయినా పొద్దున్నే లేచి ఆమెకు జడ వేసి, నేను ఇంటర్వ్యూ కోసం దాచుకున్న లేత నీలం చీర కట్టుకుని, ఆమెను కారులో కూర్చోబెట్టి విమానాశ్రయానికి తీసుకెళ్లాను.

ఆ కాలంలో ఇప్పటిలాగా కట్టుదిట్టాలు లేవు. భవనం పక్కనే ఇనుప కంచె ఉండేది, అవతల విమానాలు కనబడుతుండేవి, కాపలావాడికి చెబితే లోపల పనిచేసేవాళ్లను పిలిచేవాడు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి కంచె దగ్గరికి వెళ్లాను. అన్న పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నా చీర చూసి, పెండ్లికి పోతానవా చెల్లె అని నవ్వాడు. ఇంటర్వ్యూ సంగతి అన్నకూ చెప్పలేదు, మద్రాసు వెళ్లిపోతానంటే నాయన ఒంటరివాడవుతాడని బాధపడతాడని. అప్పుడే అన్న నవ్వు ఆపి సంగతి చెప్పాడు. తలుపు రబ్బరు కింది మూలలో చిటికెనవేలంత కోత ఉంది. కొలిస్తే, ఒకలా చూస్తే ఫరవాలేదన్నంతలో ఉంది, ఇంకోలా చూస్తే దాటినట్టుంది. రబ్బరు మార్చి అది అతుక్కుని ఆరేదాకా ఆగాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, విమానం మధ్యాహ్నం దాటాక గానీ కదలదు. తనకు మార్చాలనే ఉంది. కానీ లోపల కూర్చున్న మనిషి సంగతి తెలిసినవాడు కాబట్టి నన్ను అడగడానికి వచ్చాడు.

"ఆమె పగటీలి దాంక ఆగుతదా చెల్లె? ఆగుతదంటె మార్పించే పంపిస్త," అన్నాడు.

ఆగగలదు. ఆగితే ఆమెకే మంచిది, ఆ పూట దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడితే తేరుకునేది. నాలుగు గంటలకు మద్రాసులో ఉండాల్సింది నేను.

"ఆగదన్నా," అన్నాను. "ఇయ్యాల చేరకపోతె ఆపరేషన్ తప్పిపోతదన్నరు."

అన్న నా ముఖంలోకి చూశాడు, వెనక్కి తిరిగి విమానం వైపు చూశాడు, ఇంకేమీ అడగకుండా సరే తియ్ అని వెళ్లిపోయాడు. అర్ధగంటలో మమ్మల్ని ఎక్కించారు.

రెండు రెక్కలకూ ఫ్యాన్లు తిరిగే విమానం అది. అక్కకు కిటికీ పక్క సీటిచ్చారు, ఆక్సిజన్ సిలిండరు నా కాళ్ల దగ్గర పెట్టుకున్నాను. ఆమె నా చెయ్యి వదలలేదు. లేచిన పది నిమిషాలకు చెవులు నొప్పి పెట్టడం మొదలైంది, తలుపు వైపు నుంచి సన్నగా ఈల వేసినట్టు శబ్దం. ఎయిర్ హోస్టెస్ లేచి వెళ్లి తలుపు మూల దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, పరుగులాంటి నడకతో ముందుకు వెళ్లింది. విమానం ఎక్కడం ఆపి కిందికి వంగడం అందరికీ తెలిసింది. చిన్న సాంకేతిక లోపం, వెనక్కి వెళుతున్నాం, ప్రమాదమేమీ లేదు అని పైలట్ ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెప్పాడు. ఎవరో విసుక్కున్నారు, ఎవరో దండం పెట్టుకుంటున్నారు. అంతమందిలో ఆ లోపం ఏమిటో, ఏ మూలన ఉందో, ఎంత పొడుగుందో తెలిసిన ప్రయాణికురాలిని నేనొక్కదాన్నే.

గట్టి గుండె ఉన్నవాళ్లకు ఆ ఎత్తు ఏమీ చేయదు, తలనొప్పి వచ్చి తగ్గిపోతుంది. అక్క గుండె అలాంటిది కాదు. సిలిండరు ఎంత తిప్పినా ఆమె ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, నోటి చివర గులాబీ రంగు నురగ కనిపించింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే అలా వస్తుంది. ఇచ్చే సూది ఒకటుంటే ఇచ్చాను. విమానం దిగుతున్నప్పుడు ఆమె కళ్లు తెరిచి, వచ్చినమా మద్రాసు అని అడిగింది. వచ్చినం అక్కా అన్నాను. ఆమె తల ఊపింది. ఆమెతో నేనాడిన ఆఖరి మాట కూడా అబద్ధమే.

మెట్ల కింద అన్న నిలబడి ఉన్నాడు. తలుపు తెరిచినప్పుడు అతను ముందు రబ్బరును చూడలేదు, నా చేతుల్లో ఉన్న మనిషిని చూశాడు. పెద్దదవాఖానకు తీసుకెళ్లాం, దారిలో నా సంచి అన్న పట్టుకున్నాడు. పదకొండు దాటకముందే ప్రాణం పోయింది. అక్కడి డాక్టరు మంచి మనిషి, కారు ప్రయాణమో, ఎత్తో, భయమో, ఏది ముంచిందో చెప్పలేమనీ, ఈ గుండె ఆపరేషను తట్టుకునేదన్న నమ్మకం కూడా లేదనీ అన్నాడు. ఆయన మాట పట్టుకుని బతికేయవచ్చు, కొన్నేళ్లు ప్రయత్నించాను కూడా. ఆ సాయంత్రం శవాల గది బయట బెంచీ మీద కూర్చుని చేతి గడియారం చూసుకుంటే సరిగ్గా నాలుగైంది. చూడకుండా ఉండాల్సింది. చూశాను.

ఆ వేళకు సావుకారుగారు రైల్లో ఉన్నాడు. ఇంట్లో చేయించిన మెత్తటి పప్పన్నం గిన్నెలో పెట్టుకుని భార్య కోసం మద్రాసు వెళుతున్నాడు. ఆయనకు ఎలా చెప్పాలి? అన్న కాజీపేట షెడ్డుకు ఫోను చేశాడు, నాయన రైల్వే కంట్రోలు గదికి వెళ్లి బతిమాలి బెజవాడ స్టేషనుకు కబురు పెట్టించాడు. మైకులో పేరు పిలిచారట. ఆయన వినలేదు, ఆ సమయానికి నీళ్లు పట్టుకోవడానికి దిగాడో, నిద్రలో ఉన్నాడో. మర్నాడు పొద్దున మద్రాసు ఆసుపత్రికి వెళ్లి తన భార్య మంచం ఎక్కడని అడిగాడు. అలాంటి పేరుతో ఎవరూ చేరలేదన్నారు. వార్డు వార్డూ తిరిగాడు. భాష రాదు. మధ్యాహ్నానికి ఎవరో తెలుగు డాక్టరు కనికరించి మా దవాఖానకు ట్రంకాల్ చేస్తే అప్పుడు తెలిసింది. ఆయన తిరిగి వచ్చేదాకా శవాన్ని ఉంచారు.

విచారణ జరిగింది. విమానానికి ఏమీ కాలేదు, మిగతా ప్రయాణికులందరూ ఆ సాయంత్రమే వేరే విమానంలో వెళ్లిపోయారు. రబ్బరు కోత హద్దులోనే ఉందనిపించిందని ఒక్క ముక్క రాస్తే అన్న బయటపడేవాడు, పై అధికారులు కూడా అలా రాయమనే సూచించారట. అన్న మాత్రం చూశాను, కొలిచాను, అనుమానం కలిగింది, అయినా సంతకం పెట్టాను అని రాశాడు. ఎవరైనా ఒత్తిడి చేశారా అని అడిగితే ఎవరూ లేరన్నాడు. లైసెన్సు తీసేసుకున్నారు. కొన్నాళ్లు స్టోరులో సామాన్లు లెక్కపెట్టే పని ఇచ్చారు, ఏడాది తిరక్కుండా రాజీనామా చేసి, హైదరాబాదులో కాపురం ఎత్తేసి, వదినను తీసుకుని కాజీపేట వచ్చేశాడు. సావుకారుగారు ఒక్కసారి మా క్వార్టరుకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లో నిలబడి నాయనతో, ఎగిరే ముందల చూసుకోవద్దా మీ కొడుకు అని, గొంతు పెంచకుండా అడిగి వెళ్లిపోయాడు. నేను తలుపు వెనకాలే ఉన్నాను. బయటికి రాలేదు.

ఆ తరువాత అన్న రోడ్డు మీద ఒక షెడ్డు వేసుకుని పొలాల మోటార్లు బాగుచేశాడు. మరిపెడ వైపు నుంచి కూడా రైతులు తెచ్చేవారు. ఒకసారి నడిపి చూసి ఇచ్చే పనికి మూడుసార్లు విప్పి బిగించేవాడు, పంట ఎండిపోతాందన్నా ఇవ్వడని విసుక్కుని కొందరు వేరేచోటికి పోయారు. విమానాల మాట ఎత్తడం మానేశాడు. నాయన అడిగినా చెప్పేవాడు కాదు. ఎప్పుడైనా ఆకాశంలో చప్పుడైతే పిల్లలందరూ తలెత్తి చూసేవారు, అన్న మాత్రం మోటారు మీద ఇంకాస్త వంగేవాడు. నేను ఆ శిక్షణకు మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఆ దవాఖానలోనే ఉండిపోయాను. గుండె జబ్బు మనిషి వార్డులోకి వస్తే డ్యూటీ మార్చుకునేదాన్ని.

ఎనభయ్యో దశకం నడుమ నాయన పోయాడు. భూస్థాపన అయ్యాక అందరూ వెళ్లిపోయి ఇద్దరమే వరండాలో మిగిలినప్పుడు, ఇక దాచలేక అన్నకు చెప్పాను, ఇంటర్వ్యూ సంగతీ, ఉత్తరంలో ఉన్నదీ.

"తెల్సు చెల్లె," అన్నాడు అన్న. "ఆ నాడు నీ సంచి నా చేతుల ఉండె గద. దవాఖానోళ్లు చీటీ అడిగితె తీసిన. డాక్టరు చీటీ పక్కనే నీ ఇంటర్వ్యూ కాయితం కనబడ్డది."

మరి విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగాను. ఏడుస్తూ అడిగానేమో, గుర్తులేదు.

"అడిగింది నువ్వు. పెట్టింది నేను. చెల్లె అడిగిందని సంతకం పెట్టెటోడు ఆ పనికి పనికిరాడు. వాళ్లు నా లైసెన్సు తీసుకునుడు కరెక్టే," అన్నాడు. కోపంతో అనలేదు. ఒక మోటారులో ఏం పోయిందో చెప్పినట్టే చెప్పాడు. సావుకారుకు మాత్రం చెప్పొద్దని, నీకు పిల్లలున్నరని అన్నాడు. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మూడేళ్ల తరువాత కామెర్లు ముదిరి అన్న మంచాన పడ్డాడు. నా చేతుల మీదుగానే పోయాడు. నలభై ఆరేళ్లు నిండలేదు. అన్న కోసం గుడివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన అయిన మర్నాడు నేను సావుకారు దుకాణానికి వెళ్లాను. నడి మధ్యాహ్నం, గిరాకీ లేదు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి పనివాణ్ణి చాయ్ తెమ్మని పంపాడు. నిలబడే అంతా చెప్పాను. ఎవరికో చూపించి పరిచి ఉంచిన బట్ట తాను ఆయన చేతుల్లో ఉంది, నేను చెబుతున్నంతసేపూ దాన్ని మడతలు పెడుతూనే ఉన్నాడు. అయిపోయాక దాన్ని అరలో పెట్టాడు.

"మీ అన్న రెండుసార్లు వచ్చిండు ఈడికి," అన్నాడు. "రెండుసార్లూ తప్పు నాదే అన్నడు. గిదే చోట నిలబడ్డడు. నేను కూసోమనలే."

నాకు ఆ సంగతి తెలియదు. అన్న ఎప్పుడూ చెప్పలేదు.

ఆఖర్ల ఏమన్న అన్నదా ఆమె అని అడిగాడు ఆయన. వచ్చినమా మద్రాసు అని అడిగిందనీ, వచ్చినమని నేను చెప్పాననీ, ఆమె తల ఊపిందనీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని తెరిచాడు.

"గా పోయినోని మీద ఇన్నేండ్లు కోపం పెట్టుకొని బతికిన సిస్టరమ్మా," అన్నాడు. "నువ్వు చెప్పకపోతె బాగుండు. ఇప్పుడు దీన్ని యాడ పెట్టుకోవాలె?"

నా మీద పెట్టుకొమ్మని అనడానికి నోరు తెరిచాను. అంతలో మెట్లెక్కి కాలేజీ పుస్తకాలతో ఒక అమ్మాయి లోపలికి వచ్చి, నాయినా అన్నం తిన్నవా అని అడిగింది. ఆయన నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. ఆ అమ్మాయి నన్ను చూసి నమస్తే అంది. జడ మెడ కింద గట్టిగా అల్లి ఉంది, ఎవరు వేశారో. నేను నమస్తే చెప్పి మెట్లు దిగాను. చాయ్ తాగలేదు.

ఇప్పుడు కాలం మారింది. ఒకరి సంతకం మీద మరొకరి సంతకం, దాని మీద యంత్రం లెక్క, రబ్బరు చిటికెనవేలంత కోసుకుపోయేదాకా ఎవరూ ఊరుకోరట. మనిషి మద్రాసు చేరకముందే కబురు చేరుతుంది, ఏ భర్తా అన్నం గిన్నె పట్టుకుని తెలియని ఊళ్లో వార్డులు వెతకక్కర్లేదు. కంచెలు తీసేసి గోడలు కట్టారు, పనిలో ఉన్న ఇంజనీరును అతని చెల్లెలు పిలిపించి రెండు మాటలు చెప్పే వీలు ఎక్కడా లేదు. ఇవన్నీ మంచి మార్పులే. నా బోటిదాని అబద్ధం విమానం దాకా చేరకుండా ఆపే మార్పులు. అయినా ఈ వయసులో, ఒంటరిగా కూర్చున్న వేళల్లో, ఆ పొద్దుటి రెండు నిమిషాలను నా బతుకులోంచి తీసేయమని దేవుణ్ణి ప్రార్థించబోయి ఆగిపోతుంటాను. అన్న నన్ను చూసి మనసారా నవ్వింది ఆ రెండు నిమిషాల్లోనే. ఆ తరువాత అన్న పదేళ్లు బతికాడు గానీ, అలా మళ్లీ నవ్వలేదు.